అతిథులకు పీట వేసిన పియానో

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం ఒక్క జాజ్ రికార్డు గురించే మాట్లాడతాను. పేరు ‘లెస్ మెక్‌కాన్ లిమిటెడ్ ఇన్ న్యూయార్క్’. 1961 డిసెంబరు 28న, న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లోని విలేజ్ గేట్ అనే క్లబ్‌లో, జనం ముందు వాయిస్తుండగా పట్టిన రికార్డింగ్ ఇది. పియానో లెస్ మెక్‌కాన్, బాస్ హెర్బీ లూయిస్, డ్రమ్స్ రాన్ జెఫర్సన్. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన జట్టు. లిమిటెడ్ అన్నది జట్టు పేరే, షేర్లు అమ్మే కంపెనీ లాగా. ఆ రాత్రి వీళ్ళకి ముగ్గురు అతిథులు తోడయ్యారు. టెనర్ సాక్సోఫోన్ మీద స్టాన్లీ టరెంటైన్, ఫ్రాంక్ హేన్స్, ట్రంపెట్ మీద బ్లూ మిచెల్.

మెక్‌కాన్ అనగానే జాజ్ వినేవాళ్ళలో చాలామంది 1969లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ జాజ్ ఉత్సవంలో ఎడ్డీ హారిస్‌తో కలిసి వాయించిన ‘స్విస్ మూవ్‌మెంట్’ పేరే చెబుతారు. అది బాగా అమ్ముడుపోయింది, అమ్ముడుపోవాల్సిందే కూడా. కానీ మనిషి పియానో పనితనం తెలియాలంటే నేను ఈ 1961 రికార్డే వినమంటాను. అందులోనూ అతని సోలోలు, అంటే తను ముందుకొచ్చి వాయించే భాగాలు, తర్వాత సంగతి. పక్కవాడు ఊదుతున్నప్పుడు వెనకాల ఇతను ఏం చేస్తున్నాడో, అక్కడ ఉంది అసలు సరుకు.

మెక్‌కాన్ వాయించేది సోల్ జాజ్. ముందు అదంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నలభైల్లో వచ్చిన బీబాప్ అనే జాజ్ పద్ధతి మహా వేగంగా, మహా తెలివిగా ఉండేది. మామూలు శ్రోతకి అందడం కష్టమైంది. యాభైల రెండో సగంలో పియానిస్టు హొరేస్ సిల్వర్ లాంటివాళ్ళు నల్లవాళ్ళ జానపద బాణీ బ్లూస్‌నీ, వాళ్ళ చర్చి పాటనీ మళ్ళీ జాజ్‌లోకి తెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టాలనిపించే లయ, నోట్లో ఆడే చిన్న పల్లవి, ఒకే వరస తిప్పి తిప్పి వాయిస్తూ వేడి పెంచడం, ఇవే దాని లక్షణాలు.

చర్చికి వెళ్ళే అలవాటున్నవాళ్ళకి ఒక సంగతి వెంటనే తెలుస్తుంది. పాత హిమ్‌ల, అంటే చర్చి కీర్తనల, చివర ‘ఆ...మెన్’ అని రెండు ముక్కలుగా పాడతారు కదా, మధ్యమం మీద నిలబడ్డ స్వరాల గుత్తి దిగి షడ్జం మీద వాలుతుంది. మ-ద-స కలిపి ఒకసారి, స-గ-ప కలిపి ఇంకోసారి. మెక్‌కాన్ చేతికి ఇది ఊపిరంత సహజం. 1935లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో, చర్చిలో పాడే కుటుంబంలో పుట్టాడు. పియానో చాలావరకు సొంతంగా నేర్చుకున్నాడు. నేవీలో ఉండగా 1956లో పాటల పోటీ గెలిచి ఎడ్ సల్లివన్ టీవీ షోలో పాడాడు. అంటే ముందు గాయకుడు. పియానో మీద కూడా పాడేవాడి లెక్కే, ఊపిరి తీసుకునే చోట చెయ్యి ఆగుతుంది.

ఆ రోజుల్లో కొందరు విమర్శకులకి ఇదంతా చౌకబారుగా తోచింది. చర్చి వేషం వేసి రికార్డులు అమ్ముకుంటున్నారని అన్నారు. పూర్తిగా కొట్టిపారేయను. ఈ రికార్డులోనే ‘చా-చా ట్విస్ట్’ అని ఒకటుంది. అప్పుడు అమెరికా అంతా ట్విస్ట్ డాన్సు పిచ్చిలో ఉంది, దానికోసం వాయించిన ముక్కలాగే వినిపిస్తుంది నాకు. మీరు దాన్ని దాటేసినా నష్టం లేదు.

క్లబ్ గురించి కూడా చెప్పాలి. విలేజ్ గేట్‌ని 1958లో ఆర్ట్ డీలుగాఫ్ తెరిచాడు. థాంప్సన్, బ్లీకర్ వీధులు కలిసే మూలలో, పాత భవనం నేలమాళిగలో. అక్కడ లైట్లు చూసుకునే కుర్రాడి పేరు చిప్ మాంక్. తర్వాత 1969లో వుడ్‌స్టాక్ సంగీత ఉత్సవం వేదిక మీద మైకులో వినిపించిన గొంతు అతనిదే. మెక్‌కాన్ ఈ రికార్డులో ఒక ట్యూన్‌కి ఏకంగా ‘చిప్ మాంక్’ అనే పేరు పెట్టాడు. యజమాని పేరు కాదు, లైట్ల అబ్బాయి పేరు! నాకు ఆ మనిషి మీద ఇష్టం కలిగింది అక్కడే.

ఇక అతిథులు. బ్లూ మిచెల్‌కి ఈ వేదిక కొత్త కాదు. అదే ఏడాది మే నెలలో హొరేస్ సిల్వర్ జట్టుతో ఇక్కడే లైవ్ రికార్డు చేశాడు. టరెంటైన్ పిట్స్‌బర్గ్ వాడు, లావుపాటి, వెచ్చని నాదం, తొందరపడడు. హేన్స్ పేరు ఇప్పుడు పెద్దగా ఎవరూ తలచరు. 1965లోనే పోయాడు. మిగిలిన రికార్డులు తక్కువ, అందుకే ఇది ఇంకా విలువైనది.

మూడు ఊదుడు వాద్యాలు ఎదురుగా నిలబడితే పియానిస్టుకి చిక్కు మొదలవుతుంది. టెనర్ సాక్స్ పలికే ఎత్తులోనే పియానో మధ్య భాగం కూడా పలుకుతుంది. పైగా టెనర్లు రెండు. సాక్స్ వాడూ పియానో వాడూ నిండుగా వాయిస్తే వినేవాడికి మిగిలేది గందరగోళమే. అందుకని పియానో పొట్టి పొట్టి దెబ్బలతో సరిపెట్టుకోవాలి, సోలో వాడు వాక్యం ముగించాక ఖాళీలో జవాబు చెప్పాలి, వేడి పెంచాల్సినప్పుడు రెండు చేతులతో మీదపడాలి. మన కచేరీలో తని ఇచ్చేముందు మృదంగం వాడు పాటని మోస్తూ కనపడకుండా ఉంటాడే, ఆ సంస్కారం ఇది. పేరున్న సాక్సోఫోన్ విద్వాంసుడు కేనన్‌బాల్ యాడర్లీ తన జట్టులోకి రమ్మంటే సొంత సంగీతం కోసం వద్దన్న మనిషి మెక్‌కాన్. అలాంటివాడు అతిథులు వస్తే వెనక్కి జరిగి కూర్చోవడం నాకు ముచ్చటేస్తుంది.

దీన్ని పరీక్షించడానికి మనకి ఒక మంచి అవకాశం ఉంది. అయిదు రోజుల తర్వాత, 1962 జనవరి 2న, మెక్‌కాన్, హెర్బీ లూయిస్ ఇద్దరూ న్యూజెర్సీలోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోకి వెళ్ళారు. ఈసారి నాయకుడు టరెంటైన్, రికార్డు కంపెనీ బ్లూ నోట్. డ్రమ్స్ మీద ఓటిస్ ఫించ్. ‘దట్స్ వేర్ ఇట్స్ ఎట్’ అనే ఆ రికార్డులో సగానికి పైగా ట్యూన్లు మెక్‌కాన్‌వే. వచ్చిన అతిథికి బాకీ తీర్చాడేమో అని నా అనుమానం, అనుమానమే సుమా.

స్టూడియోలో నాదం శుభ్రంగా ఉంటుంది, ఊదేవాడు ఒక్కడే, పియానోకి చోటు బోలెడు. హాయిగా ఉంటుంది. క్లబ్ రికార్డులో ఆ హాయి లేదు. జనం అరుపుకి వాయించేవాడు ఎదురు చెప్పాలి, తప్పు పోతే మళ్ళీ మొదలెట్టే వీల్లేదు, పక్కన ఇంకో సాక్స్ వాడు నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు. ఆ టెన్షన్ టరెంటైన్‌ని కొంచెం కరుకుగా వాయింపజేసింది, నాకు ఆ కరుకుతనమే ఎక్కువ నచ్చుతుంది. రెండూ ఇంటికెళ్ళి వెంటవెంటనే వినండి, నాతో పేచీ ఉంటే ఫోన్ చేయండి.

మెక్‌కాన్‌కి 1995లో పక్షవాతం వచ్చింది. కొన్నాళ్ళు పియానోకి దూరమై, పాడుతూ గడిపి, మళ్ళీ వాయించాడు. 2023 డిసెంబరు 29న లాస్ ఏంజెలెస్‌లో పోయాడు.

ఇప్పుడు ‘ఎ లిటిల్ త్రీ-ఫోర్ ఫర్ గాడ్ అండ్ కంపెనీ’ పెడుతున్నాను. మూడు మాత్రల నడక, కాలితో లెక్కపెట్టుకోండి. మొదటిసారి ఊదేవాళ్ళని వినండి. ఆ తర్వాత మళ్ళీ పెడతాను, అప్పుడు సాక్సోఫోన్‌ని వదిలేసి పియానోని మాత్రమే పట్టుకోండి. వెనక వరసలో ఉన్నవాళ్ళు ముందుకు రండి, ఈ స్పీకర్లు చిన్నవి.