ఆలూ మకాలా వండినదెవరు?

సభకు నమస్కారం. ఖరగ్‌పూర్ నుంచి రైలెక్కి వచ్చిన పెద్దలకు మరీ మరీ నమస్కారం. కలకత్తా తిండి గురించి మాట్లాడమన్నారు. రసగుల్లా గురించి మీకు నేను చెప్పేదేముంది? నాకిచ్చిన సమయమంతా ఈ ఊరి యూదుల వంటకే.

1798లో షాలోమ్ కోహెన్ అనే యూదు వ్యాపారి, సిరియాలోని అలెప్పో నుంచి సూరత్ మీదుగా ఇక్కడికి చేరాడు. ఆ తర్వాత బాగ్దాద్ యూదు కుటుంబాలు ఒక్కొక్కటే వచ్చాయి. వాళ్ళ మతంలో మాంసం, పాలు కలపకూడదు. కాబట్టి మాంసం కూరలో పెరుగు, నెయ్యి పడవు. ఆ లోటు కొబ్బరిపాలు తీర్చాయి.

ఇక ఆలూ మకాలా. చిన్న బంగాళదుంపలు తొక్క తీసి, ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో ఒక్క ఉడుకు రానిస్తారు. తడి ఆరాక మూకుడు నిండా నూనెలో సన్న సెగ మీద వదిలేస్తారు. గంట పైనే పడుతుంది. ఊరికే గరిటె పెట్టి కదపకూడదు. చివర్లో మంట పెంచితే పైన గట్టి పెంకు కడుతుంది, లోపల వెన్నలా ఉంటుంది. ఫోర్కు గుచ్చబోతే పళ్ళెంలోంచి ఎగిరిపడుతుంది! శుక్రవారం రాత్రి కోడికూర పక్కన ఇది ఉండాల్సిందే.

మరి ఆ గంటా పొయ్యి దగ్గర నిలబడిందెవరండీ? చాలా ఇళ్ళలో ముస్లిం వంటవాళ్ళు. ఏది దేనితో కలవకూడదో వాళ్ళకు కంఠతా వచ్చు. ఈ వంట మీద వ్యాసాలు చదువుతుంటాను, ఇంటివాళ్ళ పేర్లు కనిపిస్తాయి, వండినవాళ్ళ పేర్లు కనిపించవు. నాకు కడుపు మండేది అక్కడే.

న్యూమార్కెట్‌లో నాహూమ్స్ బేకరీ మీకందరికీ తెలుసు. బాగ్దాదీ యూదుడైన నాహూమ్ ఇజ్రాయెల్ మొర్దెకై 1902లో ఇంటింటికీ తిరిగి అమ్మడంతో మొదలుపెట్టాడు. 1916లో ఇప్పుడున్న చోట కొట్టు పెట్టాడు. డిసెంబరులో ప్లమ్ కేకు కోసం హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు ఒకే క్యూలో నిలబడతారు. బేకరీలో పిండి కలిపేది ముస్లిం పనివాళ్ళే. అక్కడ చీజ్ సమోసా కొంటారు చూడండి, అది బాగ్దాద్ సంబుసక్. తినేవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఒకప్పుడు వేలల్లో ఉన్న యూదులు 1947 తర్వాత లండన్‌కీ, ఇజ్రాయెల్‌కీ, ఆస్ట్రేలియాకీ వెళ్ళిపోయారు. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. వంటవాళ్ళ పిల్లలు, మనవలు మాత్రం ఇక్కడే ఉన్నారు.

నేను మిమ్మల్ని అడిగేది ఇదే. అలాంటి కుటుంబం ఏదైనా మీకు తెలిస్తే సభ అయ్యాక నాకు చెప్పండి. తాతగారి పేరేంటి, ఎవరింట్లో వండేవారు, ఏం వండేవారు? రాసుకోవడానికి నోట్‌బుక్ తెచ్చాను.