దేనిలో సగం?

శ్రోతలకు నమస్కారం. పిల్లలు భిన్నాలు కూడమంటే కూడతారు, తీసెయ్యమంటే తీసేస్తారు. అవే భిన్నాలు నాలుగు వాక్యాల మధ్య కనిపిస్తే మాత్రం పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటారు. ఈ పూట ఒక్క లెక్క చెప్తాను. ఒక్కటే. దగ్గర్లో కాగితం ఉంటే తీసుకోండి.

ఒక పాప మొదటి రోజు పుస్తకంలో మూడో వంతు చదివింది. రెండో రోజు, మిగిలిన పేజీల్లో సగం చదివింది. ఇంకా 40 పేజీలున్నాయి. పుస్తకం మొత్తం ఎన్ని పేజీలు?

ఈ లెక్క ఇస్తే ఒక అమ్మాయి, మంచి చురుకైన పిల్ల, చకచకా మూడో వంతునీ సగాన్నీ కూడేసింది. ఆరింట ఐదు వంతులు. మిగిలింది ఆరో వంతు, అది 40. అంటే 240 పేజీలు. కూడికలో తప్పు లేదు, గుణకారంలో తప్పు లేదు. నేనూ తప్పనలేదు. "సగం అన్నావు కదా, దేనిలో సగం?" అన్నాను. మళ్ళీ చదివింది. "మిగిలిన పేజీల్లో..." అని ఆగిపోయింది.

పొడుగ్గా ఒక పట్టీ గీయమన్నాను. అదే పుస్తకం. మూడు సమాన గళ్ళు చేసింది. ఒక గడి కొట్టేసింది, మొదటి రోజు అయిపోయింది. ఉన్నవి రెండు గళ్ళు, వాటిలో సగం అంటే ఒక గడి. అదీ కొట్టేసింది. మిగిలిన గడిలో 40 రాసి, "మూడు నలభైలు... 120. ఇంతేనా?" అంది. ఇంతే. సింగపూర్ బడుల్లో 1980ల నుంచీ ఇలా పట్టీలు గీయించే నేర్పుతున్నారు.

"గుణించాలా, భాగించాలా?" అని పిల్లలు అడిగినప్పుడు జవాబు మన నాలుక చివరే ఉంటుంది. నాకూ అంతే. ఆపుకోండి. ముందు ఆ చిన్న "లో" ఎక్కడుందో వెతికి, కింద గీత గీయమనండి. పుస్తకంలో. పేజీల్లో. "సగం చదివింది" అని ఊరికే ఉంటే, దేనిలో సగమో పిల్లల్నే చెప్పమనండి. ఆ తర్వాతే పెన్సిల్ లెక్కలోకి దిగాలి.

ఆ అమ్మాయి తన 240ని కొట్టెయ్యబోతే వద్దన్నాను. "దానికి సరిపోయే లెక్క నువ్వే రాయి" అన్నాను. కాసేపు చూసి, "మిగిలిన పేజీల్లో సగం" అన్నచోట "పుస్తకంలో సగం" అని దిద్దింది. 80, 120, ఇంకా 40. సరిపోయింది.