అంబూ బ్యాగు పట్టే చెయ్యి

యాంకర్: నమస్కారం. కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైన వరంగల్‌లో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. ప్రాణం మీదికొచ్చినప్పుడు చేసే వైద్యాన్ని ఎలా నేర్పాలి? ప్రొఫెసర్ గారూ, మీతో మొదలుపెడదాం.

రిటైర్డ్ సర్జన్: మా రోజుల్లో క్యాజువాలిటీ అంటే డ్యూటీ పడితే పోవడమే, దానికో చదువు లేదు. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను మన దేశంలో పీజీ కోర్సుగా గుర్తించింది 2009లోనే. కానీ ఇంటెన్సివ్ కేర్ మొదట నిలబడింది విద్యార్థుల చేతుల మీదే. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో వచ్చింది. మొదటి వారాల్లో ఊపిరాడని 31 మందిలో 27 మంది పోయారు. ఇనుప ఊపిరి యంత్రం ఉన్నది ఒక్కటే. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, 12 ఏళ్ల పిల్లకు గొంతు దగ్గర కోత పెట్టించి, ట్యూబు వేసి, రబ్బరు సంచిని చేత్తో పిండాడు. పిల్ల బతికింది. ఆ తర్వాత దాదాపు 1500 మంది మెడికల్ విద్యార్థులు వంతులేసుకుని రాత్రీ పగలూ సంచులు పిండారు. ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ పక్కన ఉండే మత్తు డాక్టరు విద్య వార్డులోకి వచ్చింది అట్లానే.

ఎమర్జెన్సీ డాక్టర్: మన దగ్గర ఆ పరీక్ష పురుగుల మందు పెడుతుంది సార్. పత్తి మీద కొట్టే మందు తాగినవాళ్లను తెస్తారు. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తాం. కనుపాపలు పెద్దవైతే చాలనుకుంటారు మా దగ్గర నేర్చుకునే పిల్లలు. కాదు, ఛాతీ మీద స్టెత్ పెట్టి వినాలి. గరగర తగ్గకపోతే ఐదు నిమిషాలకు డోసు రెట్టింపు. బాగైనట్టే కనిపించిన మనిషిని రెండో రోజో, మూడో రోజో "దిండు మీంచి తల ఎత్తు" అని అడగాలి. ఎత్తలేకపోతే ఊపిరి కూడా ఆగబోతోందని అర్థం. ఇది పుస్తకంలో ఉంది, కానీ మంచం పక్కన నిలబడితేనే గుర్తుంటుంది.

యాంకర్: సిస్టర్, మీ అనుభవం?

స్టాఫ్ నర్సు: చాలా ఏళ్ల కింద, నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో రాత్రంతా పేషెంట్ తమ్ముడితోనే అంబూ బ్యాగు, అంటే చేత్తో పిండి ఊపిరి అందించే సంచి, పిండించారు. అతనికి ఎవరూ నేర్పలేదు. నాకిప్పటికీ బాధే. కొత్త హౌస్ సర్జన్లు కూడా టెన్షన్‌లో గబగబా పిండేస్తారు, గాలి పొట్టలోకి పోతుంది. "సంచిని కాదు బిడ్డా, ఛాతీ లేస్తోందా అది చూడు" అంటాను.

రిటైర్డ్ సర్జన్: ముందు మనిషి ఆకారంలో ఉండే శిక్షణ బొమ్మ మీద నేర్పించాలంటే ఒప్పుకుంటా. కానీ అక్కడే ఆపేస్తే ఒప్పుకోను.

ఎమర్జెన్సీ డాక్టర్: బొమ్మ మీద వందసార్లు చేయందే మనిషి మీద చెయ్యి వేయనివ్వను సార్. తప్పులన్నీ అక్కడే అయిపోవాలి.

యాంకర్: సిస్టర్, బొమ్మ తెచ్చారుగా. ఒకసారి చూపించండి.

స్టాఫ్ నర్సు: మీరే పట్టుకోండి. బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద. మిగతా మూడు వేళ్లు దవడ ఎముక కింద, పైకి ఎత్తండి. గొంతు మీద నొక్కొద్దు. ఊ, ఇప్పుడు మెల్లగా పిండండి. వదిలేయండి. మళ్లీ పిండేలోపు ఆరు లెక్కపెట్టండి, తొందరపడొద్దు.