1963 నవంబర్ 23, బీబీసీలో ఒక శనివారం: పాత టీవీ రివ్యూ

నమస్తే ఫ్రెండ్స్, ఈసారి రివ్యూ ఒక రోజుకి. 1963 నవంబర్ 23, శనివారం, బ్రిటన్‌లో బీబీసీ టీవీ. ఆ సాయంత్రం 'డాక్టర్ హూ' మొదటి ఎపిసోడ్ వచ్చింది, టైమ్ మెషిన్‌లో తిరిగే డాక్టర్ అనే వింత మనిషి సైన్స్ ఫిక్షన్ సీరియల్, పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఇప్పుడు ఎవరు చూసినా అరవై ఏళ్ళ చరిత్ర ఉన్న షోకి ఇది ఫస్ట్ ఎపిసోడ్ అంట కదా అని చూస్తారు, ఆ లెక్కన చూస్తే నెమ్మదిగా ఉందనిపించి పక్కన పెట్టేస్తారు. నా మాట విని దాన్ని ఆ రోజు షెడ్యూల్ మధ్యలో పెట్టి చూడండి, దానికి ముందు ఏమొచ్చింది, తర్వాత ఏమొచ్చింది, అసలు ఆ రోజు జనం ఏ మూడ్‌లో ఉన్నారు, ఇవన్నీ తెలిసి చూస్తే ఆ పాతిక నిమిషాలు వేరే లెవెల్.

మూడ్ గురించి ముందు చెప్తా. అంతకు ముందు రోజే అమెరికాలో ప్రెసిడెంట్ కెనెడీని కాల్చి చంపారు. డల్లాస్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర అంటే లండన్‌లో సాయంత్రం ఆరున్నర, జనమంతా ఇళ్ళల్లో టీవీల ముందు ఉన్న టైమ్. బీబీసీకి ఆ రాత్రి ఏం చెయ్యాలో పాలుపోలేదు, కాసేపు తిరుగుతున్న గ్లోబు బొమ్మ చూపించారు, తర్వాత ముందే అనుకున్న కామెడీ షో వేసేశారు, దాని మీద జనం ఫోన్లు చేసి మరీ తిట్టారు. పెద్ద ఆఫీసర్లలో చాలామంది ఆ టైమ్‌కి ఒక అవార్డుల డిన్నర్‌లో ఉన్నారు. అప్పట్లో అక్కడ ఉన్నవే రెండు ఛానెళ్ళు, బీబీసీ, ఐటీవీ, అంతే. బీబీసీ 2 వచ్చింది మరుసటి ఏడాది ఏప్రిల్‌లో.

తెల్లారి శనివారం షెడ్యూల్ మాత్రం ఎప్పటిలాగే నడిచింది. మధ్యాహ్నం 'గ్రాండ్‌స్టాండ్', అంటే స్పోర్ట్స్ ప్రోగ్రామ్, చివర్లో ఫుట్‌బాల్ రిజల్ట్స్ వస్తాయి. టెలీప్రింటర్ మీద ఒక్కో అక్షరం టక టకా పడుతుంటే కెమెరా దాన్నే చూపిస్తుంది, పందెం కూపన్లు చేతిలో పట్టుకుని ఇంటి పెద్దాయన ఊపిరి బిగబట్టి చూసే ప్రోగ్రామ్ అది. దాని వెనకాలే అయిదుంబావుకి 'డాక్టర్ హూ' రావాలి, ఎనభై సెకన్లు లేటుగా మొదలైంది. ఆ తర్వాత 'జ్యూక్ బాక్స్ జ్యూరీ', కొత్త పాటల రికార్డులు వినిపించి ప్యానెల్ వాళ్ళు హిట్టా ఫట్టా అని చెప్పే షో, హిట్ అయితే బెల్లు, ఫట్ అయితే హారన్. సో ఒకపక్క ఫుట్‌బాల్, ఇంకోపక్క పాటలు, మధ్యలో ఇది. నాన్న ఇంకా కుర్చీలో నుంచి లేవలేదు, పిల్లలు పాటల కోసం అప్పుడే వచ్చి కూర్చుంటున్నారు, వీళ్ళిద్దరినీ కలిపి కూర్చోబెట్టడానికే ఆ స్లాట్‌లో ఈ సీరియల్ పెట్టారు. ఈ ప్లాన్ వెనక ఉన్నది డ్రామా హెడ్ సిడ్నీ న్యూమన్, కెనడా నుంచి వచ్చిన మనిషి.

ఇంక ఎపిసోడ్‌కి వద్దాం. మొదట టైటిల్ మ్యూజిక్. సింథసైజర్లు ఇంకా చేతికి రాని రోజులవి. రాన్ గ్రెయినర్ రాసిన ట్యూన్‌ని బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో, అంటే వింత సౌండ్లు తయారుచేసే విభాగంలో, డీలియా డెర్బీషైర్ ఒక్కో స్వరాన్నీ విడిగా రికార్డ్ చేసి, టేప్‌ని బ్లేడుతో కోసి, స్పీడ్ మార్చి, ముక్కలు అతికించి తయారుచేసింది. గ్రెయినర్ విని తన క్రెడిట్‌లో ఆమెకీ భాగం ఇద్దామన్నాడు, రూల్స్ ఒప్పుకోలేదు, ఆమె పేరు స్క్రీన్ మీద పడింది 2013లో, అప్పటికి ఆమె లేరు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మ్యూజిక్ నడుస్తూనే ఉంటుంది, పొగమంచులో ఒక పోలీసు టార్చ్ వేసుకుని పాత సామాన్ల యార్డ్ గేటు చెక్ చేసి వెళ్ళిపోతాడు. గేటు తెరుచుకుంటుంది, కెమెరా మెల్లగా లోపలికి వెళ్తుంది, విరిగిన బొమ్మలు, చెత్తా చెదారం దాటి ఒక పోలీస్ బాక్స్ దగ్గర ఆగుతుంది. పోలీసులకి ఫోన్ చెయ్యడానికి అప్పట్లో లండన్ వీధుల్లో రోజూ కనిపించే నీలం డబ్బా అది, ఎవరూ రెండోసారి చూడరు, కానీ దీన్నుంచి సన్నగా ఒక హమ్మింగ్ వస్తోంది. డైలాగ్ లేదు ఏమీ లేదు, నేనైతే ఈ ఒక్క షాట్ కోసమే మళ్ళీ మళ్ళీ చూస్తా.

ఈ షాట్ తీసింది ఎవరనుకున్నారు, వారిస్ హుస్సేన్, లక్నోలో పుట్టిన మనిషి, అప్పటికి 24 ఏళ్ళు! ప్రొడ్యూసర్ వెరిటీ లాంబర్ట్, ఇంకో నాలుగు రోజులైతే 28 నిండుతాయి, బీబీసీ డ్రామాలో అప్పుడున్న ఒకే ఒక్క మహిళా ప్రొడ్యూసర్. వీళ్ళకి ఇచ్చిన చోటు లైమ్ గ్రోవ్‌లో స్టూడియో డి, ఇరుకు, పాతది, లైట్లు వేస్తే ఉడికిపోవడమే, కెమెరాలు బరువు. ఎడిటింగ్ ఖరీదు కాబట్టి దాదాపు స్టేజి నాటకంలా ఏకధాటిగా తియ్యాలి. మొదటిసారి తీసింది న్యూమన్‌కి నచ్చక మళ్ళీ తీయించాడు, ఆ మొదటి వెర్షన్ కూడా ఉంది, అందులో డాక్టర్ మరీ కటువుగా ఉంటాడు, రెండోసారి తీయడమే మంచిదైంది.

కథ సింపుల్. సూసన్ అనే స్కూల్ పిల్ల, ఇద్దరు టీచర్లకి ఆమె మీద డౌట్. ఎందుకంటే ఫ్రెంచ్ విప్లవం పుస్తకం తిరగేసి ఇది తప్పు అంటుంది, ఇంకోసారి క్లాసులో డబ్బుల లెక్క అడిగితే మీ దగ్గర దశాంశ పద్ధతి ఇంకా రాలేదు కదా అనేస్తుంది. క్లాసంతా నవ్వుతుంది. బ్రిటన్‌లో నిజంగానే దశాంశ కరెన్సీ వచ్చింది 1971లో, అంటే రాసినవాళ్ళ ఊహ ఎనిమిదేళ్ళలో నిజమైంది.

టీచర్లు ఆమె వెనకాలే యార్డ్‌కి వెళ్తారు, అక్కడికి ఒక ముసలాయన వస్తాడు, ఆయనే డాక్టర్, వేసింది విలియం హార్ట్‌నెల్, ఆ పొగరు చూడాలి మీరు, గొంతు పెంచడు, వాళ్ళని చూసీ చూడనట్టు ఒక పాత ఫోటో ఫ్రేమ్ తీసుకుని దాని దుమ్ము గురించి మాట్లాడతాడు. టీచర్లు తోసుకుని ఆ పోలీస్ బాక్స్‌లోకి దూరతారు, ఒక్క కట్, చీకటి యార్డ్ నుంచి కళ్ళు చెదిరే తెల్లటి పెద్ద హాలు. బయట చూస్తే ఇద్దరు పట్టని డబ్బా! గ్రాఫిక్స్ ఏమీ లేవు, ఆ కట్ మీదే నడిపించారు. ఆ డబ్బానే టైమ్ మెషిన్. తర్వాత అది బయల్దేరే సౌండ్, అదే వర్క్‌షాప్‌లోని బ్రయన్ హాడ్జ్‌సన్ తన అమ్మగారి ఇంటి తాళంచెవితో పియానో తీగ మీద గీకి పుట్టించిన సౌండ్ అది.

ఆ రోజు చూసింది 44 లక్షల మందే, అందుకే వారం తర్వాత రెండో ఎపిసోడ్‌కి ముందు దీన్ని మళ్ళీ వేశారు, అప్పుడు దాదాపు 60 లక్షల మంది చూశారు.

అదే రాత్రి పొద్దుపోయాక ఇంకో ప్రోగ్రామ్, 'దట్ వాజ్ ది వీక్ దట్ వాజ్', డేవిడ్ ఫ్రాస్ట్ నడిపేవాడు, ప్రతి శనివారం మంత్రుల్ని ఉతికి ఆరేసే షో. ఆ వారం వెక్కిరింపు మొత్తం పక్కన పెట్టి దాదాపు ఇరవై నిమిషాలు కెనెడీకి నివాళి మాత్రమే ఇచ్చారు, మిల్లిసెంట్ మార్టిన్ ఒక పాట పాడింది, దాన్ని అమెరికాలో కూడా టెలికాస్ట్ చేశారు. ముందు రోజు తడబడిన బీబీసీ పరువు ఈ ప్రోగ్రామే నిలబెట్టిందని నా అభిప్రాయం.

బాధేంటంటే ఆ రోజు వచ్చినవన్నీ మనకి దొరకవు. టేపులు ఖరీదని చెరిపేసి మళ్ళీ వాడుకునేవాళ్ళు, 'జ్యూక్ బాక్స్ జ్యూరీ' దాదాపు అంతా పోయింది, అరవైల్లోని 'డాక్టర్ హూ'లో కూడా తొంభైకి పైగా ఎపిసోడ్లు లేవు. ఈ మొదటి ఎపిసోడ్, ఆ నివాళి, రెండూ మిగిలాయి. ఒకే సాయంత్రం ఈ రెండూ వరుసగా చూడండి, ముందు ఇది, రాత్రికి అది. ఒక్క జాగ్రత్త, మొదటి ఎపిసోడ్ బాగుంది కదా అని వెంటనే రెండు, మూడు, నాలుగు చూస్తే ఆదిమానవుల గుహలో నిప్పు కోసం కొట్లాటే సాగుతుంది, నాకు బోర్ కొట్టింది. అవి వదిలేసి డిసెంబర్ 21 ఎపిసోడ్‌కి వెళ్ళిపోండి, డాక్టర్‌కి శత్రువులైన డాలెక్‌ల కథ మొదలయ్యేది అక్కడే, నెక్స్ట్ వీడియో దాని మీదే చేస్తున్నా.