మన శరత్తు గడ్డిలోనే ఉంది

నమస్కారమండీ. వెనకవాళ్ళకి వినపడుతోందా? సరే.

తోటల వీడియోల్లో ఆటమ్ అని వస్తే మనవాళ్ళు ఠకీమని ఆకురాలు కాలం అనేస్తారు. విజయనగరంలో ఆశ్వయుజంలో ఏ ఆకు రాలుతోందో చెప్పండి? మనకి ఆకులు రాలేది శిశిరంలో. సిరిమాను తిరిగే రోజుల్లో చంపావతి ఒడ్డుకో, ఊరి బయట గెడ్డ గట్టుకో వెళ్తే కనపడేది తెల్లగా విరగబూసిన రెల్లు. అందుకే ఇవాళ గడ్డి గురించి మాట్లాడతాను, నవ్వుకున్నా ఫర్వాలేదు.

నేనూ మొదట్లో పాంపాస్ గ్రాస్‌కి డబ్బు తగలేశాను. దక్షిణ అమెరికా గడ్డి అది, మా డాబా మీద రెండేళ్ళు బతికింది గానీ ఒక్క వెన్నూ వెయ్యలేదు. తర్వాత గెడ్డ నుంచి రెల్లు దుబ్బు తెచ్చి పెరట్లో నేలలోనే పాతాను, అది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే దాని వేళ్ళు లోపల్లోపలే పాకి మరుసటి వానాకాలానికి పక్కింటి కనకాంబరాల మడిలో తేలాయి. ఆవిడ ఇప్పటికీ కనపడితే "మీ గడ్డి ఎలా ఉందండీ" అనే అడుగుతుంది.

కాబట్టి డ్రమ్ములో పెంచండి. సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము, అడుగున కన్నాలు, ఇసక కలిపిన మట్టి, రోజంతా ఎండ. యూరియా వద్దు, ఏపుగా పెరిగి తీరా పూత వేళకి దుబ్బు విచ్చుకుని వాలిపోతుంది. వెన్నులు దూదిలా రేగి గింజ గాలికి లేవకముందే కోసి కూజాలో పెట్టుకోండి. ఇంత తలనొప్పి వద్దనుకుంటే నర్సరీలో పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్ అడగండి, అది గింజ కట్టడం తక్కువ. పచ్చ రకం మాత్రం ఊరంతా మొలుస్తుంది.

గడ్డేగా అని తీసిపారెయ్యకండి, రెల్లు చెరకుకి చుట్టం. కోయంబత్తూరులో చెరకుని రెల్లుతో సంకరం చేస్తే వచ్చిన కో 205 రకాన్ని 1918లో విడుదల చేశారు.

అసలు సంగతి ఎక్కడ పెట్టాలన్నది. సాయంత్రం మీరు టీ తాగే కుర్చీకి పడమట పెట్టండి. ఐదింటి ఎండ వాలుగా వెన్నుల వెనక నుంచి వస్తే ఒక్కో నూగూ విడివిడిగా వెలుగుతుంది. అదే ఎండ మీ వీపు మీంచి పడితే ఉత్త చీపురుకట్ట.

అక్టోబరంటే మనకి తుఫాను టెన్షన్ కూడా కదా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెలలోనే వచ్చాయి. హెచ్చరిక రాగానే డ్రమ్ముని గోడవారకి జరిపి, దుబ్బుని నడుం దగ్గర తాడుతో వదులుగా కట్టండి, చాలు. ఆకు చిరిగినా దుబ్బు పోదు. భోగి ముందు రోజు జానెడు ఎత్తుకి కోసేసి ఎండుగడ్డి మంటలో వేసేయండి, ఎండలు ముదిరేసరికి కొత్త పిలకలు వస్తాయి.

ఆ మూల గోనెసంచిలో రెల్లు పిలకలు తెచ్చాను, ఇంటికి రెండేసి. ఆకు అంచు చెయ్యి కోసేస్తుంది, పొడుగు చేతుల చొక్కాలవాళ్ళు ముందు రండి.