పెళ్లికొడుకుకి మత్తు పరీక్ష: కర్నూలు స్టూడియోలో జరిగిన రభస

నిశ్చితార్థానికి ముందు వరుడు మత్తుపదార్థాల పరీక్ష చేయించుకుని కాగితం తేవాలని కర్నూలు ప్రాంతంలో ఒక కులసంఘం పెద్దలు తీర్మానించారన్న కబురు వాట్సాప్‌లో చక్కర్లు కొట్టింది. దానిమీద స్థానిక ఛానెల్లో జరిగిన చర్చ ఇది. పేర్లు తీసేశాం. ఒకరి మాటమీద ఒకరు పడ్డచోట వినపడినంత రాశాం. మాజీ పోలీసు అధికారి మాటలు సగానికి తగ్గించినా ఇన్ని మిగిలాయి.

వ్యాఖ్యాత: సూటిగా అడుగుతాను. ఆడపిల్ల తండ్రికి తెలుసుకునే హక్కు ఉందా, లేదా? డాక్టరుగారూ, ఒక్క మాటలో.

వైద్యురాలు: ఒక్క మాటలో తేలేది కాదండీ. మెథాంఫెటమిన్ లాంటి ఉత్ప్రేరకాలు, అంటే నిద్ర రానివ్వకుండా మనిషిని ఉరకలెత్తించే మత్తుమందులు, వాడితే మూత్రంలో రెండు నుంచి నాలుగు రోజులు కనిపిస్తాయి. బాగా అలవాటుపడ్డవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. కొన్నాళ్లు ఆగి వచ్చినవాడు...

మాజీ అధికారి: అంటే పరీక్షే వద్దంటారా?

వైద్యురాలు: పూర్తిచేయనివ్వండి. కొన్నాళ్లు ఆగి వచ్చినవాడు గట్టెక్కుతాడు. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్ర వేసుకున్న అమాయకుడు తొలి పరీక్షలో దొరికిపోవచ్చు. పెళ్లయ్యాక కాపురాన్ని తినేసేది మూత్రంలో ఉండదు. అది...

మాజీ అధికారి: సర్వీసంతా ఖాకీలో గడిపినవాణ్ణి, నాకు చెప్పకండి. 44వ నంబరు జాతీయ రహదారి మన గుమ్మంలోంచి పోతుంది. అటు హైదరాబాదు, ఇటు బెంగళూరు. బస్సు ఆపితే సీటు కింద గంజాయి పొట్లాలు...

వైద్యురాలు: గంజాయి ఉత్ప్రేరకం కాదు. దాని సంగతి వేరు.

మాజీ అధికారి: మత్తు మత్తేనమ్మా! ఏ రంగు సీసాలో పోస్తే ఏమిటి?

వ్యాఖ్యాత: వేడెక్కింది. లాయరుగారూ, తండ్రికి హక్కు ఉందా, లేదా?

న్యాయవాది: వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఆ చట్టాన్ని పాటిస్తామని ఏ సంఘమైనా తీర్మానం చేసిందా? ఇప్పుడు మాత్రం మూత్రం సీసా పట్టుకుని బయలుదేరారు.

(ఇక్కడినుంచి చర్చ కట్నాలమీదికి, అక్కడినుంచి కల్యాణ మండపాల అద్దెలమీదికి వెళ్లింది. అందరూ హాయిగా ఏకీభవించిన ఘట్టం అదొక్కటే. వదిలేశాం.)

వ్యాఖ్యాత: ఆదోని నుంచి ఒక సోదరి ఫోనులో ఉన్నారు. చెప్పండమ్మా, పెళ్లికి ముందే పరీక్ష చేసి ఉంటే మీ బతుకు బాగుండేదా?

ఫోనులో మహిళ: అది తెలియదండీ. పెళ్లప్పుడు ఆయనకు ఆ అలవాటు లేదు. బెంగళూరులో రాత్రి ఉద్యోగం, నిద్ర రాకుండా ఉండటానికని మొదలుపెట్టాడు. రెండు మూడు రాత్రులు కన్ను మూసేవాడు కాదు. తర్వాత స్విచ్ బోర్డులన్నీ విప్పేవాడు, లోపల కెమెరా పెట్టారని. నేను పాలప్యాకెట్టు తేవడానికి వెళ్తే గడియారం చూసి, ‘ఇంతసేపు ఎవరితో ఉన్నావు’ అనేవాడు.

మాజీ అధికారి: వెంటనే స్టేషనుకు వెళ్లాల్సిందమ్మా.

ఫోనులో మహిళ: మానేశాడండీ. ఏడాది దాటింది. కానీ పాప పుట్టినరోజున కేకు కోస్తుంటే గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. సంతోషం రావట్లేదు అంటాడు. మా అత్తగారితో మాటామాటా వచ్చిందంటే మళ్లీ ఆ స్విచ్ బోర్డు దగ్గరికి పోతాడు. నేనూ అంతే. ఆయన స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే తలుపుకి చెవి ఆనిస్తాను. ఆయన మానేశాడు గానీ నేను ఇది మానలేకపోతున్నాను.

వైద్యురాలు: ఇదీ నేను చెప్పబోయింది. ఆ ఉత్ప్రేరకం మెదడులో సంతోషాన్నిచ్చే రసాయనం డోపమిన్‌ను వరదలా వదులుతుంది. మానేశాక వారాలు, కొందరిలో నెలలు, మామూలు సంగతులేవీ రుచించవు. భార్య దాన్ని ‘నామీద ప్రేమ లేదు’ అనుకుంటుంది. అనుమానం, ఎవరో తరుముతున్నారన్న భయం, లేని గొంతులు వినపడటం చాలామందికి కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తగ్గుతాయి. కొందరికి తగ్గవు. తగ్గినా ఒత్తిడికి తిరగబెడతాయి. జపానులో రెండో ప్రపంచయుద్ధం తర్వాత సైన్యం దగ్గరున్న ఈ మందు నిల్వలు బజారుకు రావడంతో ఈ జబ్బు ఎంత పెరిగిందంటే 1951లో ప్రత్యేక చట్టమే తెచ్చారు. మానేసి ఏళ్లు గడిచినవాళ్లలో చిన్న గొడవకే పాత అనుమానం లేవడం అక్కడి వైద్యులు రాసిపెట్టారు. ఈమె ఇంట్లో జరుగుతున్నది అదే.

వ్యాఖ్యాత: అంటే తిరగబెట్టే జబ్బు. మరి తండ్రికి ముందే తెలియాలా, వద్దా?

వైద్యురాలు: (నవ్వి) ఏడాదికి పైగా మానేసినవాళ్ల మెదడు స్కాన్‌లలో దెబ్బతిన్న భాగం కొంత కోలుకున్నట్టు కనిపించింది. అది చెప్పరేం?

మాజీ అధికారి: కొంత! విన్నారా, కొంతేనట! నేను మొదటినుంచీ అంటున్నది అదే. ఇలాంటివాడికి పిల్లనిస్తారా? మందు ఉందా దీనికి?

వైద్యురాలు: ఈ వ్యసనానికంటూ ఆమోదం పొందిన మందు లేదు. మతిభ్రమకు, నిద్రకు మందులిస్తాం. అలవాటు మాన్పించడానికి ప్రవర్తన చికిత్సలున్నాయి. పరీక్షలో శుభ్రంగా తేలినప్పుడల్లా చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి బాగా పనిచేసింది. ఆ మూత్ర పరీక్షకి అక్కడ విలువుంది.

మాజీ అధికారి: బహుమతా? తప్పు చేయనందుకు బహుమతా? అలాగైతే రోజూ దొంగతనం చేయని నాకెంతివ్వాలి? (స్టూడియోలో నవ్వులు)

న్యాయవాది: నవ్వడం సులువు. 1985 నాటి మత్తుపదార్థాల చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. వాడకం కేసులో, కొద్దిపాటి సరుకు కేసులో ఉన్న వ్యసనపరుడు తానుగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. మీ సర్వీసులో ఎంతమందికి ఈ మాట చెప్పారు?

మాజీ అధికారి: నన్ను బోనులో నిలబెడతారా?

న్యాయవాది: ప్రశ్న అడిగాను.

(ఇద్దరూ ఒకేసారి. ‘మీలాంటి వాళ్లవల్లే బెయిళ్లు’ అన్నది వినపడింది. మిగతాది లేదు. ఫోను లైను ఈ మధ్యలోనే తెగింది. ఆమెను తిరిగి కలపలేదు.)

వైద్యురాలు: ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదు. భర్తకు చికిత్స చేస్తే సరిపోదు, ఆమెనూ కూర్చోబెట్టి మాట్లాడాలి. కాపలా కాయడం అలవాటైపోయిన భార్యకి...

వ్యాఖ్యాత: సమయం లేదు డాక్టరుగారూ. తండ్రికి హక్కు ఉందని ముగ్గురూ ఒప్పుకున్నట్టేగా?

న్యాయవాది: ఎవరు ఒప్పుకున్నారు?

మాజీ అధికారి: ఒప్పుకోక తప్పదు! కాగితం లేకుండా తాంబూలం పుచ్చుకోవద్దు. అనుమానం ఉంటే 1972కి ఫోను చేయండి. మత్తుమందుల్ని అరికట్టే రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్ వాళ్లు చూసుకుంటారు.

వైద్యురాలు: చికిత్సకి 14446 ఉంది. దాన్ని కూడా తెరమీద వేయండి. జబ్బుమనిషి ఇంట్లోవాళ్లు ముందే పోలీసులకి...

వ్యాఖ్యాత: వేస్తాం, వేస్తాం. సార్, ముగింపుగా మీరు.

మాజీ అధికారి: ముగింపుగా మూడు మాటలు. మొదటిది, నేను సర్వీసులో ఉన్నప్పుడు...

(మొదటిదే పూర్తికాలేదు. సంగీతం వచ్చింది. తెరమీద అడుగున వెళ్లిన నంబరు 1972 ఒక్కటే.)