వరుస తప్పని అంకెలున్న సాయిల్ రిపోర్టును నమ్మకండి

నమస్కారం. ఈ వీడియోలో నేను చెప్పేది ఒక్కటే మాట, దాన్ని ఎన్నిసార్లయినా చెబుతాను. మీ అపార్ట్‌మెంట్ సాయిల్ రిపోర్టులో, అంటే కట్టే ముందు నేలను పరీక్షించి ఇచ్చే నివేదికలో, నేల గట్టిదనం చెప్పే అంకెలు లోతుకు వెళ్లే కొద్దీ 8, 10, 12, 14, 16 అంటూ వరుస తప్పకుండా పెరుగుతూ పోతే, అక్కడ మట్టిని పరీక్షించడానికి అసలు బోరు వేశారా అని మీరు అడిగి తీరాలి.

రాజధాని నేల గొడవ మీ అందరికీ తెలిసిందే. అమరావతిది నల్లరేగడి, పెద్ద భవనాలు నిలవవని కొందరు, నిలుస్తాయని కొందరు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. సచివాలయ టవర్ల రాఫ్ట్ పునాదులు (భవనం అడుగంతా పరిచే కాంక్రీటు పలకలు) ఏళ్ల పాటు నీళ్లలో ఉండిపోతే, 2024లో ఐఐటీ మద్రాస్, ఐఐటీ హైదరాబాద్ నిపుణులు వచ్చి అక్కడి కట్టడాలను పరిశీలించవలసి వచ్చింది. ఆ చర్చలోకి నేను మళ్లీ దిగను. నన్ను బాధించే విషయం వేరు. రాజధాని నేల మీద గంటల కొద్దీ వాదించే మనం, ఇరవై ఏళ్ల వాయిదాల మీద కొనుక్కున్న ఫ్లాటు కింద ఏ మట్టి ఉందో ఒక్కసారైనా అడిగామా?

విజయవాడలో పటమట వైపు నుంచి ఒక ప్రేక్షకుడు తన అపార్ట్‌మెంట్ రిపోర్టు పంపించారు. మూడు బోర్లు వేసినట్లు రాశారు, ఒక్కొక్కటి పదిహేను మీటర్ల లోతు. మూడింటిలోనూ ఒకే లోతులో ఒకే మట్టి, ఒకే అంకె. పైగా కిందికి వెళ్లే కొద్దీ ప్రతి చోటా రెండేసి చొప్పున పెరుగుదల. కృష్ణ ఒడ్డున ఇది ఎలా సాధ్యం? పటమట కింద ఉన్నది వేల ఏళ్లుగా నది తెచ్చి పోసిన మేట. వరద ఉరవడిగా వచ్చినప్పుడు ఇసుక దిగుతుంది, నీరు నిలిచినప్పుడు ఒండ్రు, బంకమట్టి దిగుతాయి, నది పాయ మారినప్పుడు నిన్నటి ఇసుక మీద నేటి బంకమట్టి పరుచుకుంటుంది. అలాంటి నేలలో ఒక చోట 18 వచ్చి, దాని కిందనే 5 రావచ్చు. ఒకే రకం ఇసుక లోతుగా ఉన్న చోట పై మట్టి బరువు వల్ల అంకె క్రమంగా పెరగవచ్చు, దాన్ని కాదనను. కానీ పొర మీద పొరగా ఏర్పడిన డెల్టాలో, మూడు బోర్లలోనూ రెండేసి చొప్పున పెరగడం నేల చేసే పని కాదు, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి చేసే పని.

ఆ అంకె ఎలా పుడుతుందో చూస్తే నా కోపానికి కారణం మీకు అర్థమవుతుంది. ఆ పరీక్షను ఎస్‌పీటీ (స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్) అంటారు, మన దేశంలో ఐఎస్ 2131 దానికి ప్రమాణం. బోరు అడుగున ఒక ఇనుప గొట్టాన్ని నిలబెడతారు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఆ గొట్టాన్ని 45 సెంటీమీటర్లు దింపుతారు. మొదటి 15 సెంటీమీటర్లకు పడిన దెబ్బలను వదిలేస్తారు, ఎందుకంటే అక్కడి మట్టి బోరు వేసేటప్పుడే కదిలిపోయి ఉంటుంది. మిగిలిన 30 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పడ్డాయో అదే ఎన్ విలువ. మీ ఐదంతస్తుల భవనం ఆ లెక్క మీద నిలబడుతోంది, ఆ లెక్కేమో రాడ్డు మీద సుద్దతో గీసిన మూడు గీతలను చూస్తూ ఒక మనిషి నోటితో లెక్కపెట్టినది.

ఇప్పుడు అసలు ప్రమాదం వినండి. మధ్యాహ్నం ఎండలో తాడు లాగే కూలీ అలసిపోతాడు. సుత్తి 75 సెంటీమీటర్లు లేవదు, 60 దగ్గరే వదిలేస్తాడు, లేదా కప్పీ మీద తాడు బిగిసి సుత్తి స్వేచ్ఛగా పడదు. దెబ్బలో బలం తగ్గితే గొట్టం దిగడానికి ఎక్కువ దెబ్బలు కావాలి. ఎక్కువ దెబ్బలు పడితే రిపోర్టులో ఎన్ విలువ పెరుగుతుంది, నేల ఉన్నదానికంటే గట్టిదిగా కనిపిస్తుంది. సుత్తి శక్తిలో 45 శాతమే రాడ్డుకు అందే పరికరంతో 20 దెబ్బలు లెక్కపెడితే, ప్రపంచమంతా వాడే 60 శాతం కొలతకు మార్చినప్పుడు అది 15 మాత్రమే అవుతుంది. అంటే పని ఎంత నాసిగా చేస్తే నేల అంత గొప్పగా కనిపిస్తుంది! ఇంతకంటే అన్యాయమైన పరీక్ష ఇంకేముంటుంది? అందుకే అంటున్నాను, బోరు దగ్గర ఇంజనీరు నిలబడి చూడని అంకె అంకే కాదు.

2016 నాటి ఐఎస్ 1893 పటంలో విజయవాడ మూడో (ఓ మోస్తరు ప్రమాదం ఉన్న) భూకంప మండలంలో ఉంది. 1967లో ఒంగోలు భూకంపాన్ని చూసిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. నీటితో నిండిన వదులు ఇసుక భూమి కంపించినప్పుడు బలం కోల్పోయి ద్రవంలా ప్రవర్తిస్తుంది, ఆ ప్రమాదం ఉందా లేదా అని తేల్చడానికి ఇంజనీర్లు ఎక్కువగా చూసేది కూడా ఈ ఎన్ విలువనే. 9ని 15గా రాసిన వాడు ఆ హెచ్చరికను చెరిపేసినట్లే.

గుంటూరు వైపు వెళితే కథ మారుతుంది, మోసం మారదు. నల్లరేగడి మే నెలలో నెర్రెలు విచ్చి గునపం దిగనంత గట్టిగా ఉంటుంది, ఆగస్టులో అడుగు పెడితే చెప్పు ఊడి రాదు. ఎండాకాలంలో తీసిన మట్టి నమూనాకు మైనం సరిగా పట్టించకుండా ఆటోలో వేసి ల్యాబుకు పంపితే, దారిలోనే తేమ పోతుంది. ఎండిన బంకమట్టిని యంత్రంలో పెట్టి నొక్కితే లేని బలం చూపిస్తుంది. ఇక్కడ కూడా పొరపాటు జరిగేది ప్రమాదం వైపే.

ఈ నేలకు తప్పక చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది, చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. జల్లించిన పొడి మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాల్లో పోస్తారు, ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో కిరోసిన్. ఒక రోజు గడిచాక చూస్తే కిరోసిన్‌లో మట్టి ఉన్నంతే ఉంటుంది, నీళ్లలో మట్టి పొంగి పైకి వస్తుంది. కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్లు ఉన్న మట్టి నీళ్లలో 20 అయితే ఉబ్బు 100 శాతం. నేలల వర్గీకరణ ప్రమాణం ఐఎస్ 1498 ప్రకారం 50 దాటితేనే జాగ్రత్త పడాలి, 100 దాటితే అది ప్రమాదకరమైన నేల, 200 దాటితే తీవ్రమైన నేల. అలాంటి చోట మామూలు పునాది వేస్తే గోడలు ఐమూలగా పగులుతాయి. దీనికి పరిష్కారం లేక కాదు, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు, దశాబ్దాలుగా మన దగ్గర ఉన్నాయి. వాటి అడుగున ఉబ్బెత్తు గడ్డ పైల్ మందానికి రెండున్నర రెట్లు ఉండి, మట్టి పొంగినా పునాదిని లేవనివ్వదు. రెండు గాజు గొట్టాల ఖర్చు మిగుల్చుకుని, ఇంటి యజమాని చేత ఏటా పగుళ్లు పూడ్పించడం ఎంత ఘోరం!

ఇక కొందరు బిల్డర్లు గర్వంగా చూపించే ప్లేట్ లోడ్ టెస్ట్ సంగతి. అరవై సెంటీమీటర్ల ఇనుప పలకను నేల మీద పెట్టి బరువు మోపి, "చూడండి, కుంగలేదు" అంటారు. ఆ పలక ప్రభావం దాని వెడల్పుకు రెండింతల లోతు వరకే, అంటే సుమారు మీటరుంపావు. అదే లెక్కన పన్నెండు మీటర్ల రాఫ్ట్ బరువు ఇరవై మీటర్లు దాటి వెళుతుంది. కెనడాలో విన్నిపెగ్ దగ్గర ట్రాన్స్‌కోనాలో ఒక భారీ ధాన్యపు గోదాము కట్టే ముందు ఇలాగే చిన్న పలకలతో పరీక్షించారు. పై బంకమట్టి గట్టిగానే ఉంది. దాని కింద మెత్తటి పొర ఉందని ఎవరూ చూడలేదు. 1913 అక్టోబరులో ధాన్యం నింపుతుండగా ఆ ఇరవై వేల టన్నుల కట్టడం దాదాపు 27 డిగ్రీలు పక్కకు ఒరిగిపోయింది. నూట పదేళ్ల తరువాత కూడా మనకు ఆ పలకనే చూపించి నోరు మూయిస్తున్నారు.

కొండ ప్రాంతాల వాళ్లు తమ కింద రాయి ఉంది కాబట్టి భయం లేదనుకుంటారు. 2020 అక్టోబరులో దసరా ఉత్సవాల వేళ ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో ఇళ్ల మీద బండలు పడి ప్రాణాలు పోయాయి. చేతిలో పట్టే రాతి ముక్కను ల్యాబులో నలగ్గొడితే అద్భుతమైన బలం వస్తుంది, కానీ కొండ విరిగేది ముక్క దగ్గర కాదు, చీలిక దగ్గర. అందుకే డ్రిల్లింగులో వచ్చిన కోర్‌లో (గుండ్రటి రాతి కడ్డీలో) పది సెంటీమీటర్లకు తగ్గని ముక్కల పొడవును కూడి శాతం చూస్తారు, దాన్ని ఆర్‌క్యూడీ అంటారు. మీటరున్నర తవ్వితే అలాంటి ముక్కలు 60 సెంటీమీటర్లే వస్తే అది 40 శాతం, నాసి రాయి కిందే లెక్క. వానకు ఆ చీలికల్లో నీరు చేరాక పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

కాబట్టి నా డిమాండ్ ఇది. అనుమతి ఫైలులో పెట్టే ప్రతి సాయిల్ రిపోర్టుకూ, ప్రతి లోతులో తెరిచిన గొట్టంలోని మట్టి ఫొటో, బోరు నంబరూ తేదీ రాసిన పలకతో సహా జత చేయాలి. గొట్టాన్ని రెండుగా విప్పినప్పుడు బంకమట్టి మధ్యలో పలుచటి ఇసుక చార కూడా స్పష్టంగా కనిపిస్తుంది, దాన్ని ఎక్సెల్‌లో ఎవరూ తయారుచేయలేరు. ఎన్ని దెబ్బలకు ఎంత దిగిందో 15 సెంటీమీటర్ల చొప్పున మూడు అంకెలూ విడివిడిగా రాయాలి, మొత్తం ఒక్కటే రాస్తే ఒప్పుకోకూడదు. మీ అసోసియేషన్ దగ్గర రిపోర్టు ఉంటే బిల్డర్ పేరు, భవనం పేరు తీసేసి, లోతు, మట్టి, ఎన్ విలువ ఉన్న పేజీ మాత్రం కామెంట్లలో రాయండి. వచ్చే వీడియోలో వాటిని ఒక్కొక్కటే తెర మీద పెట్టి చదువుదాం.